రెండో గేరు

గేరు కర్ర పైన నట్టే వదులై ఉంటుంది, అంతకు మించి ఏమీ ఉండదని గంగులు తనకు తాను చెప్పుకుంటూనే ఉన్నాడు. విజయనగరం ఇంకా సగం దారి ఉంది. అతను నడుపుతున్న సావుకారు పాత కారు, మెకానిక్కు జగన్నాధం పాక ముందు ఆగిపోయింది. వెనక సీటులో గంగులు భార్య నీలవేణి నొప్పులు పడుతోంది.

“నట్టేనా బావా?” అని జగన్నాధాన్ని అడిగాడు గంగులు.

“నట్టయితే పైన మట్టుకే ఆడతాది. ఈ గేరు కర్ర గంజిలో గరిటెలాగ తిరుగుతన్నాది సూడు. అడుగున కర్రని పట్టి ఉంచే బుష్షు అరిగిపోనాది. ఒరే, ఈ తాడేటి?”

“వలతాడు. వదులుగా ఉన్నాదని నేనే బిగించి కట్టినాను.”

“పడవ తెడ్డనుకున్నావేటి? పోగులు లోపలికి దిగిపోయి గేరు పడనివ్వడం లేదు.”

“తరవాత తిడుదువుగాని. బిడ్డ అడ్డం తిరిగినాదని మంత్రసాని సెప్పినాది. పెద్దాసుపత్రికి పోవాల.”

“బుష్షు నా దగ్గర లేదు.”

“అయితే భుజాన మోసుకెళ్ళమంటావా బావా?”

“అరవకు. తాడు కోసేసి, స్క్రూడ్రైవరుతో రెండో గేరులోకి తోసినాను. అందులోనే పో.”

“దారంతానా?”

“దారంతా. ఆగాలంటే క్లచ్చు తొక్కి బ్రేకెయ్యి, కదలాలంటే క్లచ్చు మెల్లగా వదులు. గేరు మాత్రం ముట్టుకోకు. ఇందాకట్నుంచీ దాన్నే ఊపుతన్నావు. ఇంకోపాలి ఊడితే మళ్ళీ పడదు.”

“సెయ్యి ఊరికే ఉంటే భయమేస్తాది బావా.”

“మరెక్కడైనా పెట్టుకో.”

కారు మెల్లగా కదిలింది. గుంట వచ్చినప్పుడల్లా అతని ఎడంచెయ్యి గేరు మీదికి పోబోయి ఆగింది. వెనక నీలవేణి మూలిగింది. గంగులు ఆ చేతిని సీటు మీంచి వెనక్కి చాపి ఆమెకు అందించాడు.