దివాణంలో వెండెలీన్ పీపా

"మొన్న దివాణంలోకి వెళ్లొచ్చాను," అన్నాడు పీపాల వెండెలీన్, మూతికంటిన బీరు నురగ తుడుచుకుంటూ.

ఆదివారం మధ్యాహ్నం, లుబోర్ బీరు కొట్టు కిటకిటలాడుతోంది. కిటికీ పక్కన హెద్విక కూర్చుని ఉంది. ఒకప్పుడు దొరలుండిన ఆ పాత బరోక్ దివాణంలో చేతిపనుల మ్యూజియం చూసుకునేది ఆవిడే. పీపాలు చేసి చూపించే మనిషి దొరక్కపోతే ఈ వేసవితో, వెండెలీన్ నాన్న చేసిన పీపా ఉన్న పీపాల గది ఎత్తేసి కాఫీ బల్లలు వేస్తారట. ఊళ్లో ఆ పని తెలిసినవాడు వెండెలీన్ ఒక్కడే. మూడుసార్లు కబురంపింది. మూడుసార్లూ నడుంనొప్పి అన్నాడు. అసలు సంగతి నడుం కాదు. బాడిస పట్టి పదిహేనేళ్లయింది, చేతులు పని మరిచిపోయాయేమోనని భయం. ఆ భయం బయటపడకుండా కోతలు కోస్తున్నాడు.

"నేల పాడవకుండా బూట్లమీద ఉన్ని జోళ్లు తొడగమంటారు కదా, తొడిగాను. ఒక్క అడుగేశానో లేదో, మైనం రుద్దిన చెక్కనేల, సర్రున జారిపోయాను. భోజనాల గది, దొరసాని పడకగది, నాట్యశాల, అన్నీ దాటేశా. మలుపుల్లో కూడా ఆగలేదు."

"గోడలు అడ్డం రాలేదా బాబాయ్?" అన్నాడు లుబోర్.

"తప్పుకున్నాయిరా, మర్యాద తెలిసిన గోడలు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తిన్నగా పీపాల గదిలో తేలాను. మా నాన్న చేసిన పీపా ఎండిపోయి, చెక్కలు విడిపోయి ఏడుస్తోంది. సుత్తి తీసుకుని ఇనప పట్టీమీద ఒక్కటిచ్చాను. పైకప్పు బొమ్మల్లోని దేవదూతలు బాకాలు కిందపెట్టి చెవులు మూసుకున్నారు. రెండోది ఇచ్చాను. చచ్చి రెండొందల ఏళ్లయిన దొర పటంలోంచి తొంగిచూసి, ఎవరయ్యా ఆ పనిమంతుడు, అన్నాడు."

"నువ్వేమన్నావు?" అన్నాడు లుబోర్.

"పనిలో ఉన్నా, తర్వాత మాట్లాడదాం అన్నా. పీపా బిగిసిందో లేదో చూడాలి కదా, ఊరి చెరువు మొత్తం అందులోకి తోడేశాను. చుక్క కారితే ఒట్టు. చేపలే మొండికేశాయి. ఇక్కడే బాగుంది, క్రిస్మస్ విందుదాకా కదలం అన్నాయి."

"ఏ రోజు వెళ్లావు బాబాయ్?" అంది హెద్విక కిటికీ పక్కనుంచి.

"సోమవారం. జనం తక్కువుంటారని."

కొట్టంతా గొల్లున నవ్వింది. సోమవారం దేశంలో దివాణం మ్యూజియాలన్నిటికీ సెలవని ఉయ్యాల్లో పిల్లకైనా తెలుసు. వెండెలీన్‌కి తల కొట్టేసినట్టయింది.

హెద్విక నవ్వలేదు. గ్లాసు పట్టుకొచ్చి ఆయన పక్కన కూర్చుంది.

"సోమవారం వచ్చిన మాట నిజమే. ప్రతి సోమవారం వస్తావు, గేటు పట్టుకుని కాసేపు చూసి వెళ్లిపోతావు. లోపల సర్దుకుంటూ నేను చూస్తూనే ఉన్నా. తాళం ఉంటుందని తెలిసే వస్తావు కదూ?"

ఆయన గొంతు తగ్గించాడు. "చేతికి పని గుర్తులేకపోతేనో, అమ్మాయ్? అంతమంది ముందు కారే పీపా చేస్తే మా నాన్న పేరేం కాను?"

"అంతమంది ముందు ఎవరు చెయ్యమన్నారు? రేపు సోమవారమేగా, గేటు నేను తీస్తా. నువ్వూ నేనూ తప్ప పిట్ట కూడా ఉండదు. మొదటిది కారనీ, రెండోదీ కారనీ. నేర్చుకుంటామని ఇద్దరు పేర్లిచ్చారు. వాళ్లని మూడోదానికి పిలుద్దాం."

వెండెలీన్ అలవాటుగా ఏదో కోత కొయ్యబోయి ఆగాడు. చేతులు బల్లమీద పెట్టి చూసుకున్నాడు.

"మూడోదీ కారుతుందేమో," అన్నాడు.

"కారితే బాగుచెయ్యడం నేర్పు వాళ్లకి. ఏడింటికి రా."

"ఆరింటికే వస్తా," అన్నాడు వెండెలీన్. "నాన్న పీపా బాగా ఎండిపోయి ఉంటుంది. చెక్కలు నానకుండా పట్టీ ఎక్కించకూడదు."