హుసేనక్క చూపిచ్చిన అప్పడం

గాజుల హుసేనక్క ఉండె గదా, ఆమె మనిషి మంచిదే గానీ నోరు ఊరికే ఉండదు. ఒగనాడు పుల్లన్న బిడ్డ రంగమణికి గాజులు తొడగతా ఉంటే ఆ పిల్ల కండ్లనీళ్లు పెట్టుకునిందంట. ఏమ్మే, గాజు గీరుకునిందా అంటే, లేదక్కా, మా నాయన నన్ను ముక్కూ మొగం తెలీనోళ్లకు ఇస్తాడంట, వచ్చే బేస్తవారమే తాంబూలాలంట, నాకు మా ఓబులేసు బావే కావాల అనె. ఓబులేసంటే ఎవరనుకున్యారు, పుల్లన్న సొంత చెల్లెలు సుబ్బక్క కొడుకే. ఈడూ జోడూ, మేనరికం, అన్నీ కుదిరినాయి. మరి అడ్డమేంది? అప్పడం! నవ్వొద్దండి. సుబ్బక్క కూతురి పెండ్లిలో బంతిలో అందరికీ అప్పడాలేసి, పుల్లన్న విస్తరి కాడికొచ్చేసరికి గంప ఖాళీ అయిందంట. మేనమామకే అప్పడం లేదా అని విస్తరి మడిచి లేచినోడు, నాలుగేండ్లు చెల్లెలి గడప తొక్కలే.

ఇంతలో ఏమైందంటే, ఊరిబయట డేరా సినిమా వచ్చింది. హిందీ ఆట. గొప్పింటి పిల్లోడు పేదింటి పిల్ల మీద మనసు పడతాడు, వాని తండ్రి కూడదంటాడు, అదీ కథ. మా ఊర్లో హిందీ ఎవరికొచ్చు? హుసేనక్క ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు గదా, నువ్వు చెప్పక్కా, మేము ఇంటాం అని ఆమెను ముందర కూర్చోబెట్టిరి. ఎనకాలే పుల్లన్న. సగం ఆట దాకా ఉన్నదున్నట్లే చెప్పింది అనుకో. అప్పుడు తెరమీద ఆ తండ్రి మీసం మెలేసి 'పాప్! పాప్!' అని గావుకేక పెట్టె. పాపమని ఆయప్ప అరుపు. హుసేనక్క ఒగ గడియ ఆలోచన చేసి, పాపడ్ అంటాండాడు, అంటే అప్పడం, అనె. అప్పడమా, అన్యాడు పుల్లన్న. ఊ అన్నా, ఆ పిల్ల తల్లి ఈయప్పకు తోడబుట్టిందే, ఎప్పుడో పెండ్లిలో అప్పడం వేయలేదని ఇప్పుడు బిడ్డల గొంతు కోస్తాండాడు. తెరమీద ఆ తల్లి ఏడుస్తాంది. ఏమంటాంది మే, అన్యాడు పుల్లన్న. 'అన్నా, గంప ఖాళీ అయిందని నాకు తెలీదు, తెలిసింటే నా విస్తర్లోది తీసి నీకేసేదాన్నే' అంటాంది. ఆ మాట సినిమాదా? యాడిది! సుబ్బక్క గాజులు తొడిగించుకుంటా ఏడ్చి చెప్పిన మాట.

పుల్లన్న టవాలు మూతికి అడ్డం పెట్టుకున్యాడు. పెట్టుకోని, తాళలేక దిగ్గున లేచి తెరకల్లా చేయి చాపి, 'థూ, నీదీ ఒగ బతుకేనా? అప్పడం ముక్కకు చెల్లెల్ని ఇడుస్తావా రా!' అని అరిచినాడంట. జనమంతా తెరను ఇడిసిపెట్టి ఈయన్నే చూస్తాండారు. ఆడోళ్ల పక్క సుబ్బక్క 'అన్నా' అని బోరుమనె. అప్పుడు తెలిసిందబ్బా ఆయనకు, తిట్టింది ఎవరినో. తెల్లారి గంపెడు అప్పడాలు నెత్తిన పెట్టుకోని చెల్లెలి వాకిట్లో నిలబడి, 'ఏమే, నా బిడ్డను చేసుకుంటావా లేదా' అన్యాడు. బేస్తవారం తాంబూలాలు ఆగలే, పుచ్చుకునే ఇల్లు మారింది, అంతే.

పెండ్లయినంక ఎవరో పైఊరోళ్లు చెప్పినారంట పుల్లన్నకు, ఆ సినిమాలో అప్పడం ఊసే లేదని. ఉరుక్కుంటా పోయి, ఏమ్మే హుసేనమ్మా, యాడుంది అప్పడం, అని నిలదీసె. 'సినిమాలో ల్యాకపోతేనేం అన్నా, నీ కడుపులో ఉండె గదా' అనె ఆమె, గాజుల మలారం సర్దుకుంటా. ఆయన నవ్వి, సరేలే గానీ చివరికి ఆ పిల్లకు పెండ్లయిందా అని అడిగె. నాకేం తెలుసన్నా, నేనూ నిన్నే చూస్తాంటి, అనె. నిజం చెప్తాండా, ఆ ఆట ఆఖర్న ఏమైందో మా ఊర్లో ఈ పొద్దుటికీ ఒగరికీ తెలీదు. తెలిసినోళ్లెవరన్నా మీలో ఉంటే చెప్పొద్దులెండి, మాది మాకు బాగుంది.