మారెక్క తడిపిన శెనక్కాయలు

మారెక్కకు కోడలంటే పాణం. లేకలేక మనవరాలు పుట్టింది, ఉగ్గు మొదలుపెట్టే వయసుకొస్తాంది అనుకోండి. ఆ ఉగ్గులోకని శెనక్కాయ పప్పులు, అదే వేరుశెనగలు, దాయాల. కాయలు వలిస్తే బొటనేలు ఎట్ల నొస్తాదో మీకు తెలీనిదేముంది! అందుకని మారెక్క ఏం జేసిందంటే, కాయల మీద నీళ్లు చిలకరించి, గోనెపట్ట కప్పి పెట్టింది. పొట్టు మెత్తబడె. కోడలు ఈశ్వరమ్మ నొక్కితే పుటుక్కున ఊడొచ్చె. ఆ పప్పుల్ని అట్లే మూటగట్టి అటకెక్కించినారు. కొడుకు ఓబులేసా? వాడు అరుగు మీద కూసోని మీసం దువ్వుకుంటాండె.

కొన్నాళ్లకు ఏమైందంటే, కాలేజీలో సదివే పిల్లొకతె చేతిలో పట్టేంత మిషను తీసుకోని ఊర్లోకొచ్చింది. ఇంటింటికీ పోయి పప్పులు సూస్తాందంట. మారెక్క మూట దించి, రేపట్నుంచి మా బిడ్డకు పెట్టేవి ఇవే, సూడు తల్లీ ఎంత నిగనిగలాడతాండాయో, అనె. ఆ పిల్ల పప్పులు నూరి, మందునీళ్లలో కలిపి, ఒక సుక్క తీసి ఏలెడంత పట్టీ మీద ఏసింది. పట్టీలో సన్నగా కరెంటు పారతాదంట, బూజు విషముంటే ఆ కరెంటు మారతాదంట, అది మిషనులో అంకెగా కనపడతాదంట. అంకె సూసి ఆ పిల్ల మొగం చిన్నబోయె. "అవ్వా, ఇవి బిడ్డకు పెట్టొద్దు. కంటికి కనపడని విషముంది. కాయలేమన్నా తడిపినారా?"

మారెక్క "నేనే తడిపినా" అనె. ఎందుకత్తా అని ఈశ్వరమ్మ అడిగితే, "కొత్తకోడలుగా వచ్చినప్పుడు వలిచి వలిచి నా గోరు చీలి రక్తం కారింది మే. ఒక్కరన్నా నా చెయ్యి సూడలే. నీ చెయ్యి అట్ల కాగూడదనుకుంటిని. ఆ తడే బిడ్డ నోటికాడికొచ్చె" అని ఏడిసె. ఈశ్వరమ్మ ఆ చెయ్యి పట్టుకోని సూస్తే, బొటనేలి గోరు ఇప్పటికీ రెండుగానే ఉండాదంట. ఇన్నాళ్లూ ఆ చేతి ముద్ద తిన్నా, గోరు మాత్రం సూడకపోతినే అని దాన్ని కండ్లకద్దుకోని ఆమె కూడా ఏడిసె.

ఆ మూటను గుంత తీసి పూడ్సినారు. బాగా ఎండిన వేరే కాయలు పొడిగానే వలిచి సూపిస్తే, ఈసారి ఆ పిల్ల నవ్వె. బిడ్డ ఉగ్గు తినింది, మూతంతా పూసుకోని. పొడికాయలు వలిచిందెవరంటారా? అత్త కోడల్ని ముట్టనీదు, కోడలు అత్తను ముట్టనీదు. ఇద్దరూ కలిసి మూట తెచ్చి ఓబులేసు ముందర పెట్టినారంట. వాని బొటనేలు గట్టిదేలే, పెండ్లయినకాడ్నుంచీ ఊరికేనే ఉన్నింది గదా!