నలభై ఒకటో పేజీ గోడ

హలో… ఆ, నేనే. జైలు వార్డర్ని… ఆ, ఉరిశిక్ష పడ్డవాళ్ళ గదుల దగ్గర డ్యూటీ నాదే.

ఉత్తరం అందిందన్నమాట… నేనే రాశాను. మీరు పుస్తకం పంపిన ఖైదీ ఉన్నాడే, ఆయన చెప్తుంటే రాశాను. దస్తూరి నాది, తప్పులు మీవి.

… పంతొమ్మిది తప్పులు. ఇప్పటికి.

… 'ఆయన' అంటున్నానా? అవును. మీరు 'వాడు' అన్నారని నేనూ అనాలా రచయిత గారూ?

… కోపం దేనికండీ. ఆయన కేసు మీద మీ నవల మీరు రాసుకున్నారు. కానీ అట్ట మీద ఉరితాడు బొమ్మ వేసి, ఉరి పడ్డవాడికే కానుకగా పంపారు చూడండి… పాత పేపరుతో అట్ట వేశాను దానికి. వేసి, చదివి వినిపిస్తున్నాను. ఆయనకి చదువు రాదు. మేస్త్రీ. ఇరవై ఏళ్ళు గోడలు కట్టిన మనిషి.

… ఆ, ఊచలకి అటు ఆయన, ఇటు స్టూలు మీద నేను.

… ఏడ్చాడా అనా? మీకదే కావాలి. లేదు. మీ కథలో మేస్త్రీ నలభై పేజీలూ ఏడుస్తూనే ఉన్నాడు, ఇంక ఈయనకి చోటెక్కడ? గోడ వైపు తిరిగి పడుకున్నాడు. విన్నాడో లేదో. రెండేళ్ళుగా అంతే. అన్నం కూడా అటు తిరిగే తింటాడు. పేరు పెట్టి పిలిస్తే పలకడు, నంబరు పిలిస్తే లేచి నిలబడతాడు.

… ఆ, మారాడు. మారాడనేగా ఉత్తరం.

… ఆగండాగండి. మీ కరుణ వల్ల కాదు. నలభై ఒకటో పేజీ వల్ల. లారీలోంచి దించిన ఇటుకలు దించినట్టే పేర్చి, మీ మేస్త్రీ గోడ లేపేశాడే… అక్కడ. ఈయన లేచి కూర్చున్నాడు. ఆపమన్నాడు. "ఇటుకలు తడపలేదేం?" అన్నాడు. నేను పేజీలు వెనక్కి తిప్పి చూశాను. ఎక్కడా తడపలేదు మీరు.

… చిన్న విషయమా. పొడి ఇటుక సిమెంటులో నీళ్ళన్నీ పీల్చేస్తుందండీ. తర్వాత గోరుతో గీకితే రాలిపోతుంది. మీ గోడ పక్కన ఎవరూ పడుకోరు కాబట్టి మీకది చిన్నది.

… ఇప్పుడా? నేను రాకముందే ఊచల దగ్గర కూర్చుంటున్నాడు, తల దువ్వుకుని. నేను గబగబా చదివితే ఊరుకోడు. నిదానంగా చదువు, గోడ నిలువు చూసే తూకం గుండు ఎక్కడ వేలాడదీశాడో చూడు అంటాడు. నన్ను కూలీని చేసేశాడు… నవ్వండి, పర్లేదు. మొన్న నేనూ నవ్వాను. ఆయనా నవ్వాడు.

… ఏంటీ, కొత్త ముద్రణ ముందుమాటలోనా? మళ్ళీ చదవండి… ఊఁ. మీ నవల ఒక ఉరి ఖైదీకి ఆత్మగౌరవాన్ని 'ఇచ్చింది'. బాగుంది. మీరిచ్చింది పంతొమ్మిది తప్పులండీ. గౌరవం ఆయన చేతుల్లోదే. రెండేళ్ళలో ఆ చేతులకేం వచ్చో మేమూ అడగలేదు, అది వేరే సంగతి.

… ముందుమాటలో తన పేరు వద్దన్నాడు. చచ్చిపోయినవాడి భార్య ఎక్కడైనా ఆ పుస్తకం తెరిస్తే, అందులో ఈయన పేరు కనపడకూడదట.

… అవును, చంపాడు. ఆ మాట ఆయనే చెప్తాడు. మీ కథలోనే చంపలేదు. ఉత్తరంలో ఆఖరి తప్పు అదే, చూసుకోలేదా? చేసినవాణ్ణి మనిషిగా రాయడం చేతకాక, చేయనివాణ్ణి రాసుకున్నారని… నా మాట కాదు, ఆయనదే.

… మార్చలేరు. కథంతా కూలిపోతుంది. అదీ చెప్పాడు లెండి. అది పునాది, ఇప్పుడేం కదుపుతాడు పాపం, గోడైనా సరిచేయమను అన్నాడు.

మరి గోడ?… రెండో ముద్రణ ఎప్పుడు?… వచ్చే నెలా.

లేదండీ. అప్పటిదాకా ఉండడు. క్షమాభిక్ష అర్జీ తిరిగొచ్చింది. తేదీ కూడా… తొమ్మిది రోజులు.

…

ఏంటీ, ఏడుస్తున్నారా?

ఏడవకండి. అది మీ మేస్త్రీ పని. ఆ ఒక్క పేజీ తిరగరాసి పంపండి, రేపటికి… చేత్తో రాసిందైనా పర్లేదు, నేను చదువుతాను… మీరు రావద్దు. ఫోటో తీసేవాణ్ణి అసలే పంపొద్దు. పేజీ చాలు.

రాసుకోండి. ముందు ఇటుకలు నీళ్ళ తొట్టిలో వేయాలి. బుడగలు రావడం ఆగేదాకా ఉంచాలి… బుడగలు. ఆ. తీసి, నీళ్ళు ఓడనివ్వాలి. కింది వరస అతుకు మీద పై వరస అతుకు పడకూడదు… ఇంకొకటి. ఏడుస్తూ కట్టకూడదు. కళ్ళు తడిగా ఉంటే తూకం కనపడదట.

… ఈసారి బాగుంటే ఏమంటాడా?

ఏమీ అనడండీ. గోడ బాగుంటే మేస్త్రీ ఏమంటాడు. తర్వాతి పేజీ తిప్పమంటాడు… ఉంటాను.