గోడ మీద నాలుగో బొమ్మ

బట్టల మిల్లు క్యాంటీన్లో గోడ మీద మూడు బొమ్మలున్నాయి. పెద్ద యజమాని, ఆయన కొడుకు, ఆయన మనవడు. ముగ్గురూ కుర్చీల్లో కూర్చుని, కిందివాళ్ళు తాగే టీ తమ జేబులోంచే పోతున్నట్టు చూస్తుంటారు. నాలుగో బొమ్మ ఆ గోడకే ఆనించి నేల మీదుంది, పాత దుప్పటి కప్పుకుని. అది బాయిలర్ బాబాయిది. ఈ శనివారంతో ఆయన ఉద్యోగం ఆఖరు. తను వెళ్ళేలోగా పనివాడి మొహం ఒకటి ఆ గోడెక్కి తీరాలని పంతం పట్టాడు. మేనేజరు నవ్వి, "మీవాళ్ళంతా ఒప్పుకుంటే పెట్టుకోవయ్యా, టీ వేళకి వచ్చి అడుగుతాను" అన్నాడు. ఆ నవ్వు బాబాయికి గుచ్చుకుంది. అందుకే అందరికంటే ముందొచ్చి బల్ల దగ్గర తిష్ఠ వేశాడు.

"ఒప్పుకోక చస్తారట్రా? అసలా బొమ్మ ఎలా తయారైందో మీకు తెలిస్తేగా! సందు చివర బోర్డులు రాసే బొమ్మలావిడ లేదూ, ఆవిడ దగ్గరికెళ్ళి, 'అమ్మా, నా బొమ్మొకటి వేసిపెట్టాలి' అన్నాను. అంతే, మర్యాదగా ఒక్క మాట. ఆవిడ తల తిప్పి నన్ను చూసింది, చేతిలో కుంచె జారి కింద పడింది. 'ఇన్నాళ్ళూ ఎక్కడున్నారండీ, ఈ మొహం కోసమే కదా నేను కుంచె పట్టింది' అంది."

"నన్నైతే వచ్చే నెల రమ్మంది," అన్నాడు ఫిట్టరు.

"నీ మొహానికి వచ్చే నెలైనా తొందరేరా. విను. ఏమేం కావాలో వరసగా చెప్పాను. జుట్టు నల్లగా, ఛాతీ వెడల్పుగా, మీసం మెలితిరిగి, వెనకాల బాయిలర్ భగభగా మండుతూ. సరేనని గుడ్డ బిగించి బొగ్గుతో గీత గీసిందా, భుజం గుడ్డ దాటి గోడ మీదికెళ్ళిపోయింది! ఇంకో గుడ్డ అతికింది, చాల్లేదు. మరొకటి అతికింది, అబ్బే! చివరికి మన మిల్లు నుంచే తాన్లకి తాన్లు తెప్పించాల్సొచ్చింది. మొన్న సరుకు తగ్గిందని స్టోర్లో గోల చేశారే, అదంతా ఎక్కడికి పోయిందనుకున్నారు?"

స్టోరు గుమస్తా టీ గ్లాసు ఠక్కున దించాడు. "బాబాయ్, నీకు దణ్ణం పెడతా, అది నా మెడకి చుట్టకు. ఆ తాన్లు నిన్ననే దొరికాయి."

"దొరక్కేం? మిగిలినవి నేనే తిరిగి పంపానుగా! అది సరే, ఆ తర్వాత ఏమైందో తెలుసా? మీసం మొదలెట్టింది. ఒక పక్క మీసానికే ఊళ్ళో ఉన్న నల్లరంగంతా అయిపోయింది. ఆ వారమంతా రంగేసుకునేవాళ్ళందరి తెల్లజుట్టూ బయటపడిపోయింది, రంగు దొరికితేగా! మన మేనేజరు ఎందుకు టోపీ పెట్టుకు తిరిగాడో మీకెవరికైనా అనుమానమొచ్చిందా?"

క్యాంటీనంతా గొల్లుమంది. కౌంటరు వెనక టీ వడకడుతున్న పిన్ని మాత్రం నవ్వలేదు. పిన్నంటే బాబాయి భార్యే. క్యాంటీన్ పొయ్యి ఆవిడ చేతుల మీదే నడుస్తుంది. బాబాయి అటువైపు చూడకుండా గొంతు ఇంకాస్త పెంచాడు.

"అసలు సంగతి మంట దగ్గరుందర్రా. ఎర్రరంగు పూసిందో లేదో, గుడ్డ సెగలు కక్కింది! ఆవిడ తెలివైంది, బొమ్మ ముందు గిన్నెతో నీళ్ళు పెట్టింది, తెర్లిపోయాయి. అది చూసి వీధివీధంతా గిన్నెలు పట్టుకుని వరస కట్టింది. ఎవడో పిరికివాడు ఫైరింజన్‌కి ఫోన్ చేశాడు. గణగణమంటూ వచ్చారు, గొట్టం ఎక్కుపెట్టారు, బొమ్మలో నన్ను చూశారు, గొట్టం దించేసి సెల్యూట్ కొట్టారు. 'ఈయనుండగా ఇక్కడ మాకేం పనండీ' అని వచ్చిన దారినే పోయారు."

"మరి ఆ దుప్పటి కాలట్లేదేం?" అన్నాడు గుమస్తా.

"కాస్త తగ్గమని చెప్పాను. నా మాట వినని మంట ఉందట్రా ఈ మిల్లులో? అంతెందుకు, పొద్దున బొమ్మ లోపలికి తెచ్చానా, ఆ గోడ మీద ముగ్గురూ లేచి నిలబడ్డారు!"

"కూర్చునే ఉన్నారుగా?"

"నేనే కూర్చోమన్నాను. పెద్దవాళ్ళు, ఎంతసేపని నిలబడతారు పాపం!"

ఫిట్టరు కడుపు పట్టుకుని నవ్వుతూనే లేచి దుప్పటి తొలగించాడు. బొమ్మ బాగుంది. పెళ్ళికొడుకులాంటి మనిషి, నల్లటి జుట్టు, మెలితిరిగిన మీసం, వెనకాల ఎర్రటి మంట. వాడు వంగి కింద మూల చూశాడు.

"బాబాయ్, ఆవిడ సంతకం లేదేం? మా నాన్న బొమ్మ వేసినప్పుడు మా అమ్మని పిలిపించింది. ఇంట్లోవాళ్ళు చూసి 'మా మనిషే' అంటేగాని ఆవిడ సంతకం పెట్టదు. ఎవరికైనా అంతే."

"నాకు సంతకమెందుకురా! ఈ మొహం చాలదూ?"

"నన్నూ పిలిచింది," అంది పిన్ని, టీ గిన్నె దించి. "నిన్న వెళ్ళాను. ఈయనెవరో నాకు తెలీదని చెప్పొచ్చాను."

బాబాయి విసురుగా లేచాడు. "తెలీదా? ఇన్నేళ్ళు కాపురం చేసి తెలీదా? ఇంతమందిలో నా పరువు తీస్తేగాని నీకు తోచదా?"

"జుట్టు నల్లగా వేయించుకో, ఛాతీ వెడల్పు చేయించుకో, నాకేం పోయింది? ఆ చేతులెవరివి? ఆ గోడ మీది మనవడి చేతుల్లా నున్నగా ఉన్నాయి. ఆవిరి గొట్టం పగిలిన రోజు, షెడ్డంతా బయటికి పరిగెడుతుంటే లోపలికెళ్ళి వాల్వు కట్టేసిందెవరు? ఏ చేత్తో? ఇన్నేళ్ళుగా ఇక్కడ కూర్చుని ఇన్ని కోతలు కోశావు, ఆ ఒక్క నిజం ఏనాడైనా చెప్పావా?"

అందరి కళ్ళూ ఆయన కుడిచేతి మీదికెళ్ళాయి. ఎండాకాలంలో కూడా ఆ చేతికి తోలు తొడుగుంటుంది. పని కోసమేననుకున్నారు. అక్కడున్నవాళ్ళంతా ఆ ప్రమాదం తర్వాత చేరినవాళ్ళే.

బాబాయి ఆ చేతిని బల్ల కిందికి లాక్కున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. "అందులో చెప్పుకునేదేముందే," అని గొణిగాడు. "ఆ రోజు నేను ఏడ్చాను. వాల్వు తిప్పుతున్నంతసేపూ అమ్మా అమ్మా అని పసిపిల్లాడిలా అరిచాను. అలాంటివాడు గోడెక్కుతాడా?"

"ఎక్కితే వాడే ఎక్కాలి," అంది పిన్ని. "లేకపోతే ఆ గోడకి ఆ ముగ్గురు చాలు."

ఇన్నేళ్ళుగా ఆ చేతికి మందు రాసింది ఆవిడే. బొమ్మలో దాన్ని మొగుడే సిగ్గుపడి చెరిపేయించుకుంటే ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

అప్పుడే మేనేజరు గుమ్మంలోకొచ్చాడు. "ఏమయ్యా, ఒప్పుకున్నారా మీవాళ్ళు?" అన్నాడు, అదే నవ్వుతో.

బాబాయి తొడుగు లాగేశాడు. ముడతలు పడి, వేళ్ళు సగం అతుక్కుపోయిన చేతిని అందరికీ కనపడేలా బల్ల మీద పెట్టాడు. మేనేజరు నవ్వు ఆగింది. బాబాయి గొంతు మాత్రం తిరిగొచ్చింది.

"ఇంకా లేదు సార్. మా ఆవిడ ఒప్పుకోలేదు. చెయ్యి తప్పు పడింది, దిద్దించి శనివారం తెస్తాను. ఈలోగా మీరు ఆ ముగ్గురినీ కాస్త పక్కకి జరిపించండి."