బీరువాలో సగం

"ముందు ఆ బట్టలు ఎక్కడివక్కడ సర్దెయ్యమ్మా. తర్వాత మాట్లాడదాం."

"మూడోసారి చెప్తున్నాను, ఆ సంచి జోలికి పోకురా."

"పోయిన నాన్న గుర్తుగా మిగిలిన చొక్కాలు మూటగట్టేసి వాడికి చోటు చేస్తున్నావా?"

"వాడు కాదు, ఆయన."

కుట్టుమిషన్ ముందు తల్లి. ఓరగా తెరిచిన బీరువా తలుపు పట్టుకుని కొడుకు. గుమ్మంలో పాపనెత్తుకుని కూతురు.

"సరే, ఆయనే. మిషన్లు బాగుచెయ్యడానికి వచ్చి, పర్మిటు అయిపోగానే వాళ్ల దేశం పోయిన ఆయన. వచ్చేదెప్పుడో తెలీదు, అప్పుడే బీరువాలో సగం ఖాళీ!"

"అన్నయ్యా, మెల్లగా. పాప ఇప్పుడే కునుకేసింది."

"నువ్వూరుకోవే. అమ్మా, నాది మొదట్నుంచీ ఒకటే మాట. పెళ్లికి ముందే పిలిపిద్దాం. కాబోయే మొగుడి వీసా. మూడు నెలలు ఉంటాడు, చూస్తాం. తేడా కొడితే పెళ్లీ లేదు, పెటాకులూ లేవు. విమానం ఎక్కించేస్తాం."

"వదులైతే విప్పి కుట్టుకోడానికి ఆయనేమన్నా జాకెట్టు ముక్కా?"

"నేననేదీ అదేనమ్మా. అన్నయ్య మాట వినకు. నువ్వే వెళ్లి అక్కడ పెళ్లి చేసుకుని వచ్చెయ్. ఆ తర్వాత భర్తగా పిలిపించుకో. పద్ధతిగా ఉంటుంది."

"అలాగైతే ఎన్నాళ్లు పడుతుందే?"

"ఆ... రెండేళ్లు. మహా అయితే రెండున్నర. ఎంతలో గడిచిపోతాయి? అప్పటికి పాప బళ్లో..."

"ఆగావేం?"

"ఏం లేదు."

"బళ్లో పడుతుంది. అదేగా? నీ పాప బడి గంట మోగేదాకా నా పెళ్లికి ముహూర్తం లేదన్నమాట."

"అలా అన్నానా నేను? నువ్వు కాకపోతే దీన్నెవరు చూస్తారమ్మా?"

"చూస్తూనే ఉన్నాగా. ఒక కాలు మిషన్ మీద, ఒక కాలు ఉయ్యాల మీద."

"చూశావా దాని స్వార్థం! నాకైతే..."

"నీకైతే? ఆ హామీ సంతకం సంగతేమిట్రా?"

"ఇప్పుడదెందుకు?"

"నా కుట్టు సంపాదన చాలదు, నువ్వు పూచీ ఉండాలని వీసా ఆఫీసులో అన్నారు కదా. వానల్లో అడిగితే చూద్దామన్నావు. ఎండల్లో అడిగితే చూద్దామన్నావు."

"చూద్దామనేగా అన్నాను, కాదన్నానా?"

"కాదన్నా బాగుండేది. ఒక పూట ఏడ్చి ఊరుకునేదాన్ని."

"రేపేదన్నా అయితే నా మెడకి చుట్టుకుంటుందమ్మా! ముక్కూ మొహం తెలీని మనిషి. మన భాషలో నాలుగు ముక్కలు రావు."

"నీకు మాత్రం ఎన్నొచ్చు? అన్నం పెట్టు, చొక్కా ఇస్త్రీ చెయ్యి, పాపని చూడు. మీ ఇద్దరికీ కలిపి నాతో మూడు ముక్కలే. ఆయనకి నాలుగోది వచ్చు."

"ఏమిటో అది?"

"'తిన్నావా?' అని. రోజూ ఫోన్ చేసి అడుగుతాడు."

"సరే, నేనే తగ్గుతాను. ఇవాళే తేల్చేద్దాం. పెళ్లికి ముందా, తర్వాతా, నువ్వే చెప్పు. సంతకం పెడతాను. కానీ నాన్న చొక్కాలు బీరువాలోకి వెళ్లాలి."

"సంతకం అయిపోయిందిరా."

"ఎవరు పెట్టారు?"

"ఆయన కూతురు."

"ఆయన ఇక్కడికి రావడానికి ఆమె సంతకం ఏం పనికొస్తుందమ్మా?"

"ఇక్కడికి కాదు, అక్కడికి. కాబోయే పెళ్లాం వీసా. నువ్వు చెప్పిన దారేరా, మనిషి మారింది, అంతే. ఆ పిల్ల నన్ను చూసింది ఒక్కసారే, అదీ ఫోన్లో. 'నాన్న ఒక్కడే ఉన్నాడు, ఎప్పుడొస్తారు?' అంది. అంతే, ఇంకేం అడగలేదు. పోయిన వారం వీసా వచ్చింది."

"అమ్మా! మరి పాప?"

"నీ పాపే. బాగా చూసుకో."

"ఉండమ్మా, ఉండు. మరి ఈ చొక్కాలు?"

"ఆ తలుపు పూర్తిగా తెరిచి చూడరా. మీ నాన్న చొక్కాలు పై అరలో పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. సంచిలోవి నా బట్టలు."