రగ్గు పట్టే సంచి

ఆబిడ్స్‌లో సంచులూ రగ్గులూ అమ్మే దుకాణం ముందు తండ్రీ కూతుళ్లు చాలాసేపటి నుంచి నిలబడి ఉన్నారు. చలికాలంలో కాలేజీ పిల్లలతో హిమాలయాలకు పోతున్న కూతురికి వీపుకు తగిలించుకునే సంచి కొనాలి. రెండేళ్ల కిందట ఆమె అన్న అలాగే వెళ్లి తిరిగి రాలేదు.

“గీ చిన్నది తీస్కో బిడ్డా. దూది లెక్క ఉన్నది.”

“దాంట్ల రగ్గు పట్టదు బాపూ. రాత్రి గుడారంల పండాలె. రగ్గు లేకుంటే చలికి ఆగలేను.”

“పెద్దది బరువుంటది.”

“మోస్త.”

“తేలికగ ఉండి, రగ్గు పట్టేది లేదా?”

“ఉంటే గదే కొందుము. నాంపల్లి కాడికెల్లి అన్ని దుకాణాలు చూసుకుంటనే వచ్చినం గదా.”

“మీ అన్న గూడ మోస్త అనే అన్నడు. సంచి మంచుకు తడిసి బరువెక్కిందట. పడ్డోడు మళ్ల లేవలేకపోయిండని దోస్తులు చెప్పిన్రు.”

“తెలుసు బాపూ.”

“తెలిసి గూడ పోతవా?”

“పోత.”

ఇంట్లో ఇదివరకే బతిమాలాడు, అన్నం మానేసి చూశాడు. ఇక ఏం చేయాలో ఆయనకు తోచలేదు. పెద్ద సంచిలో దుకాణంలోని రగ్గులు కుక్కి, తన చేతులతోనే కూతురి భుజాలకు తగిలించాడు.

“జర కింద కూసో. ఇప్పుడు లే.”

ఆమె ఒక్క ఊపున లేచి నిలబడింది.

“చూసినవా? లేచిన గదా.”

ఆయన పట్టీని వదులు చేసి మళ్లీ బిగించాడు.

“గీడ లేస్తవు బిడ్డా,” అన్నాడు.